పట్టాల మీద పవళింపు

రాయపూర్‌లో రైలెక్కి, మూడు రాష్ట్రాలు దాటి, విశాఖ తీరాన దిగడానికి నడుమ ఒకే ఒక్క రాత్రి. ఆ రాత్రి సుఖంగా గడవాలంటే మెత్తని పరుపు ఒక్కటే చాలదు.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఈ సామెత పుట్టిననాటికి రైళ్ళు లేవు కాబోలు. కదిలే బండిలో, కొత్త మనుషుల నడుమ, ఆరడుగుల బల్ల మీద ఒళ్ళు వాల్చినవానికి నిద్ర ఎంత సుఖమెరిగినదో, ఎంత పెంకెతనం గలదో తెలిసివస్తుంది. పగలంతా పాటుపడి అలసినవాడు కూడ ఒక్కొక్కప్పుడు తెల్లవార్లూ కళ్ళు తెరచుకొని, పై బెర్తు అడుగుభాగాన్ని చూస్తూ గడుపుతాడు. ఎదుటి బెర్తు మీది మనిషి మాత్రం తల ఆనించగానే గుర్రు పెడతాడు. ఇద్దరూ కొన్నది ఒకే ధర టిక్కెట్టు. ఇద్దరికీ దొరికినది ఒకే కొలత బల్ల. మరి ఈ వ్యత్యాసం ఎక్కడినుండి వచ్చింది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ చాలా తగిన చోటు. ముంబయి–హౌరా ప్రధాన మార్గం మీది ఈ జంక్షను రాత్రింబవళ్ళు కన్ను మూయదు. రైల్వేవారి సంకేతాలలో దీని పేరు ఒకే ఒక్క అక్షరం: ‘ఆర్’. ఇక్కడినుండి ఒక దారి పడమరగా దుర్గ్, నాగపూర్‌ల వైపు సాగుతుంది. మరొకటి ఈశాన్యంగా బిలాస్‌పూర్‌కు పోతుంది. మూడవది మహానదిని దాటి, ఒడిశా అడవుల గుండా నడిచి, తూర్పు కనుమలు దిగి, విజయనగరం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. తెలుగువారికి బాగా పరిచయమైనది ఈ మూడవ దారి. కోర్బాలో బయలుదేరిన విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ రాత్రివేళ రాయపూర్‌కు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద హిందీ, ఛత్తీస్‌గఢీ పలుకుల నడుమ ఉత్తరాంధ్ర యాస వినవస్తుంది. “మన పెట్టె ఎక్కడాగుతాది బాబూ?” అని అడిగే వృద్ధురాలికి, “ఇక్కడే మామ్మా, కంగారు పడకు” అని జవాబు చెప్పే యువకుడు ఎప్పుడూ ఉండనే ఉంటాడు.

రాయపూర్ నుండి విశాఖకు సుమారు 530 కిలోమీటర్లు. కునుకు పట్టినవారికి అది ఒక్క క్షణం. పట్టనివారికి ఒక యుగం.

ఎడ్లబండిలో పక్షం రోజులు

రైలులో నిద్రపట్టలేదని విసుగుకొనేవారు ఒక పాత ప్రయాణాన్ని తలచుకోవాలి. 1877లో కలకత్తా న్యాయవాది విశ్వనాథ దత్తా వృత్తిరీత్యా రాయపూర్‌లో ఉండవలసివచ్చి, తన కుటుంబాన్ని అక్కడికి రప్పించుకొన్నాడు. అప్పటికి రాయపూర్‌కు రైలు లేదు. నాగపూర్ వరకు మాత్రమే రైలులో వచ్చి, అక్కడినుండి ఎడ్లబండ్లు కట్టించుకోవాలి. అలా పక్షం రోజులకు పైగా దట్టమైన అడవులలో సాగిన ఆ ప్రయాణంలో పదునాలుగేళ్ళ పెద్దకుమారుడు నరేంద్రుడు ఉన్నాడు. అతడే తరువాతి కాలంలో స్వామి వివేకానందుడు.

దారిలో ఒకచోట కొండచరియల నడుమ బండి సాగుతుండగా, శిఖరం నుండి నేలవరకు వ్రేలాడుతున్న బ్రహ్మాండమైన తేనెపట్టు ఆ బాలుని కంటబడింది. ఎన్ని తరాల తేనెటీగల శ్రమఫలమో అది అని ఆలోచిస్తూ, ఆ విస్మయంలో అతడు బండిలోనే బాహ్యస్మృతి కోల్పోయినాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. తేరుకొని చూసేసరికి బండి చాలా దూరం వచ్చివేసింది. బాలకుడు రాయపూర్‌లో సుమారు రెండేళ్ళు గడిపి 1879లో కలకత్తాకు తిరిగివెళ్ళాడు. నేడు ఆ నగరపు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

ఆనాడు పదిహేను రాత్రులు పట్టిన దూరం నేడు ఒక్క రాత్రిలో సగానికి తక్కువ. ఎడ్లబండి ప్రయాణీకునికి ఒక సదుపాయం మాత్రం ఉండేది. చీకటిపడగానే ఎడ్లు విప్పి, గడ్డి పరచుకొని, నిశ్చలమైన నేల మీద పడుకొనేవాడు. ప్రయాణమూ నిద్రా ఒకేసారి సాగాలన్న కోరిక మనిషికి రైలుతోనే కలిగింది. ఆ కోరికతోపాటే దానికి సంబంధించిన కష్టాలూ పుట్టాయి.

సముద్రానికి దారి

1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే ఆ దశాబ్దం ముగిసేలోగా రాయపూర్‌కు పట్టాలు తెచ్చింది. 1891లో ఆ మార్గం ఆసన్‌సోల్ దాకా సాగింది. ఛత్తీస్‌గఢ్ వరిపొలాల ధాన్యానికి, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి దగ్గరలో ఒక సముద్రపు ఒడ్డు కావాలి. ఆ ఒడ్డు విశాఖపట్నం. ఇటు విజయనగరం నుండి పార్వతీపురం వరకు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలోనే రైలు నడిచింది. కాని నడుమనున్న అడవులను, కనుమలను జయించి రాయపూర్‌తో కలపడానికి 1931 దాకా పట్టింది. ఆ వెంటనే, 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకొన్నది.

ఖనిజం కోసం వేసిన దారి మనుషులనూ చేరవేసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల తెలుగువారు రైల్వే పనులలో చేరి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్‌లలో స్థిరపడ్డారు. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి కొలిమి రగిలిన తరువాత ఆ వలస ఇంకా పెరిగింది. పెళ్ళికి, చావుకు, సంక్రాంతికి, కొత్తకోడలి పురుడుకు వీరందరికీ ఒకే దారి. అందువల్ల ఈ మార్గంలో రాత్రి నిద్ర అన్నది విహారయాత్రికుల విలాసం కాదు. పొద్దున్నే దిగి పెళ్ళిపందిట్లో నిలవవలసిన మేనమామకు, పరీక్ష వ్రాయవలసిన విద్యార్థికి, విశాఖ ఆసుపత్రిలో వైద్యుని ముందు కూర్చోవలసిన రోగికి మరునాటి పగలంతా ఆ రాత్రి మీద ఆధారపడి ఉంటుంది.

రెండంగుళాల విప్లవం

వందేళ్ళ క్రిందట సామాన్యునికి రైలులో పడుకొనే హక్కే లేదు. 1917లో మహాత్మాగాంధీ మూడవ తరగతి ప్రయాణాన్ని గూర్చి పత్రికలకు ఒక లేఖ వ్రాశారు. బొంబాయి నుండి మద్రాసు వరకు ఆయన ప్రయాణం చేసిన పెట్టెలో ఇరవైరెండు మందికి కూర్చొనే చోటు మాత్రమే ఉంది. ఒళ్ళు వాల్చడానికి తగిన బల్లలు లేవు. దారిలో గడపవలసినవి రెండు రాత్రులు. రాయచూరు చేరేసరికి జనం ఒత్తిడి భరించరానిదైందని ఆయన వ్రాశారు. మొదటి తరగతివారు మెత్తని పరుపుల మీద పడుకొని పోతుండగా, అదే బండిలో కోటానుకోట్ల సామాన్యులు మోకాళ్ళ మీద తల ఆనించుకొని తెల్లవార్చారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మూడవ తరగతిలోనూ పడకబల్లలు వచ్చాయి; అయితే అవి చెక్కబల్లలు. 1974లో మూడవ తరగతి పేరు పోయి అందరూ రెండవ తరగతివారయ్యారు. పేరు మారినది గాని చెక్క మారలేదు. హోల్డాలు విప్పి పరచుకోగలిగినవారు పరచుకొన్నారు. లేనివారి వీపులకు చెక్క గీతలే గురుతులు.

1977లో రైల్వేమంత్రి పదవికి వచ్చినవాడు మధు దండావతే. బొంబాయిలో భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు, సోషలిస్టు. మొదటి తరగతిని దించడం తన ఉద్దేశం కాదనీ, రెండవ తరగతిని పైకి తేవడమే తన ఆశయమనీ ఆయన పద్ధతి. చెక్కబల్లల మీద రెండంగుళాల మెత్తటి నురుగుపరుపు తొడిగించాలని నిశ్చయించాడు. 1977 డిసెంబరు 26వ తేదీన బొంబాయి–హౌరాల మధ్య గీతాంజలి ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది. అందులో తరగతి భేదం లేదు. ఉన్నవన్నీ రెండవ తరగతి పెట్టెలే. వాటి పడకలన్నిటికీ పరుపులున్నాయి.

ఆ బండి మార్గం నాగపూర్, రాయపూర్, బిలాస్‌పూర్‌ల మీదుగానే. నూరేళ్ళ క్రిందట నరేంద్రుడు ఎడ్లబండిలో కుదుపులు తిన్న ఆ ప్రాంతం గుండానే, సామాన్యుడు తొలిసారిగా మెత్తని పరుపు మీద పడుకొని సాగిపోయాడు. తరువాతి సంవత్సరాలలో ఆ పరుపు దేశమంతటా పాకింది. గీతాంజలి నేటికీ రాయపూర్ మీదుగా నడుస్తూనే ఉంది, ఇప్పుడు చల్లగాలి పెట్టెలతో సహా. అందులో పడుకొన్నవారిలో తమ వీపు క్రిందనున్న చరిత్రను తలచుకొనేవారు తక్కువ.

పడక ఎంపిక

పరుపు వచ్చినా, పడకలన్నీ ఒకటి కావు. డెబ్బదిరెండు బెర్తులున్న పాతరకం స్లీపరు పెట్టెలో ఎనిమిదేసి పడకలతో తొమ్మిది అరలు. ప్రతి అరలోనూ కింద రెండు, నడుమ రెండు, పైన రెండు, నడవకు అవతల ప్రక్కగా మరి రెండు. పెట్టె రెండు కొసలా తలుపులు, మరుగుదొడ్లు, చక్రాలు ఉంటాయి. అందుచేత కొసలనున్నవారికి రాకపోకల అలజడీ, తలుపుల మోతా, కుదుపూ ఎక్కువ. అన్నిటికంటె ప్రశాంతమైనది నడిమి అర. అంటే 33 నుండి 40 వరకు గల బెర్తులు.

కింది బెర్తు వృద్ధులకు, గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు తగినది. అరవై దాటిన పురుషులకు, నలభైఅయిదు దాటిన స్త్రీలకు కింది బెర్తుల కేటాయింపులో రైల్వే ప్రాధాన్యం ఇస్తున్నది. అయితే తక్కినవారు నిద్రకు ఉపక్రమించేదాకా అది అందరి ఆసనమే. త్వరగా పడుకోదలచినవానికి పై బెర్తు మేలు. ఎక్కినవాడిని ఎవరూ లేపరు. అక్కడ వేసవిలో వేడి, దీపపు వెలుతురు మాత్రం తప్పవు. ప్రక్క కింది బెర్తు రెండు ఆసనాలను వాల్చి కలిపినది కనుక నడుమ అతుకు నడుముకు తగులుతుంది. మడతపెట్టిన దుప్పటి ఒకటి అక్కడ పరిస్తే ఆ బాధ తీరుతుంది.

ఎ.సి. పెట్టెలలో దుప్పట్లు, తలగడ, కంబళి సాధారణంగా రైల్వేవారే ఇస్తారు. స్లీపరులో ఎవరి పక్క వారిదే. ఈ మార్గంలో తెచ్చుకొనవలసినవి రెండు: పరచుకొనడానికి ఒకటి, కప్పుకొనడానికి ఒకటి. వేసవిలో రాయపూర్ నిప్పులకొలిమి. దారిలోని టిట్లాగఢ్ ఎండలకు ఒడిశాలోనే పేరుమోసినది. అది చూసి కప్పుకొనడానికేమీ తేకుండా ఎక్కినవాడు, వాన వెలిసిన రాత్రులలో, చలికాలపు తెల్లవారుజామున, కనుమలు దిగే వేళ మునగదీసుకొని కూర్చుంటాడు. తువాలు చుట్టిన చేతిసంచి మంచి తలగడ. అందులోనే పర్సు, టిక్కెట్టు ఉంటే నిశ్చింత కూడ. పెట్టెను గొలుసుతో కింది బెర్తు అడుగునున్న కొండీకి తగిలించి తాళం వేసినవానికి సగం నిద్ర అప్పుడే పట్టినట్టు.

భోజనం విషయంలో పాతతరం అమ్మమ్మలు నేటి ఆహారశాస్త్రవేత్తలకు తీసిపోరు. పులిహోర, పెరుగన్నం అరటాకులో కట్టి, మరచెంబుతో మంచినీళ్ళు ఇచ్చి పంపేవారు. బండి ఎక్కిన గంటలోపల అది తిని చేయి కడుక్కొన్నవాడు హాయిగా పడుకొనేవాడు. ప్రతి స్టేషనులోనూ వేపుళ్ళు తిని, రాత్రి పదిగంటలకు రెండవసారి టీ తాగినవాడు తన నిద్రలేమికి రైలును నిందించడం న్యాయం కాదు.

కదలిక ఊపే ఊయల

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కొందరికి మొదటి జాములో నిద్ర రాదు. అది వారి దోషం కాదు. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ఆసక్తికరమైన విషయం ప్రకటించారు. కొత్త చోట పడుకొన్న మొదటి రాత్రి మనిషి మెదడు పూర్తిగా నిద్రపోదు. గాఢనిద్రలో సైతం ఎడమ అర్ధభాగం తక్కినదానికంటె మెలకువగా ఉండి, వింత చప్పుళ్ళకు స్పందిస్తుంది. అడవిలో బ్రతికిన మన పూర్వులకు అది కావలికుక్క వంటిది. రైలు ప్రయాణీకునికి ప్రతి రాత్రీ కొత్త చోట మొదటి రాత్రే. ఇంటినుండి తెచ్చుకొన్న పాత దుప్పటి, అలవాటైన తలగడగుడ్డ ఆ కావలికుక్కను కొంత బుజ్జగించగలవేమో.

దీనికి విరుద్ధంగా పనిచేసే మరొక శక్తి కూడ రైలులోనే ఉంది. 2011లో స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఊగే మంచం ఒకటి తయారుచేసి, దాని మీద మనుషులను పగటినిద్ర పుచ్చారు. నాలుగు సెకన్లకు ఒక ఊపు చొప్పున మెల్లగా ఊగే మంచం మీద వారు స్థిరమైన మంచం మీదకంటె త్వరగా నిద్రలోకి జారుకొన్నారు. 2019లో రాత్రంతా అలాగే పరీక్షించి, ఊపువల్ల నిద్ర మరింత గాఢమవుతుందని తెలుసుకొన్నారు. ఊయలలో బిడ్డను వేసి ఊపే తల్లికి ఈ సంగతి ఏనాడో తెలుసు. రైలు ఊపు ఊయల ఊపంత సమంగా ఉండదు గాని, సాఫీగా సాగినంతసేపు అది తల్లిచేతి పనే చేస్తుంది. నిద్రను చెడగొట్టేది ఊపు కాదు; హఠాత్తుగా తగిలే కుదుపు, ఆగడం, కదలడం.

చప్పుడు సంగతీ అంతే. పాతకాలపు ప్రయాణీకుల చెవులలో మిగిలిపోయిన ఆ టకటక ఎక్కడినుండి వచ్చేది? మన బ్రాడ్‌గేజి మార్గాలలో పట్టా నిడివి 13 మీటర్లు. రెండు పట్టాల అతుకు మీద చక్రం పడినప్పుడల్లా ఒక దెబ్బ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిమిషానికి వెయ్యి మీటర్లు సాగుతుంది. అంటే నిమిషానికి సుమారు 77 అతుకులు దాటుతుంది. నెమ్మదిగా ఉన్న మనిషి గుండె కొట్టుకొనే లెక్క కూడ ఇంచుమించు అంతే. ఆ తాళానికి కళ్ళు మూతలు పడేవని పెద్దలు చెబితే ఆశ్చర్యం లేదు. నేడు ప్రధాన మార్గాలలో పట్టాలను కలిపి మైళ్ళ పొడవున అతుకుతున్నారు. బండి సాఫీగా పోతున్నది. ఆ జోలపాట మాత్రం చాలావరకు వినిపించడం లేదు.

పొరుగువాని నిద్ర

పరుపు, దుప్పటి, భోజనం, ఊపు అన్నీ కుదిరినా, ఒకే ఒక్క మనిషి వాటినన్నిటినీ వ్యర్థం చేయగలడు. అతడు ప్రక్క బెర్తు పొరుగువాడు.

రాత్రి పదిగంటల నుండి ఉదయం ఆరుగంటల వరకు నిద్రవేళ అని రైల్వే నిబంధన. 2017కు ముందు అది తొమ్మిదినుండే మొదలయ్యేది. నడిమి బెర్తును ఆ వేళలోనే ఎత్తి వేసుకోవాలి. తెల్లవారి ఆరుగంటలకు మడిచివేయాలి. ఎందుకంటే నడిమి బెర్తు వేస్తే కింద కూర్చున్నవాడు మెడ వంచుకొని కూర్చోవలసిందే. ముగ్గురు మనుషుల సుఖం రెండు ఇనుపగొలుసులకు వ్రేలాడే ఆ పలక మీద ఆధారపడి ఉంది. పదిదాటిన తరువాత గట్టిగా పాటలు వినరాదని, చిన్నదీపం తప్ప తక్కినవి ఆర్పివేయాలని కూడ నియమాలున్నాయి.

అయితే నిబంధనల పుస్తకంలో లేనివే అసలు సుఖాన్నిస్తాయి. “బాబూ, మోకాళ్ళు పట్టేశాయి; పైకెక్కలేను” అని ఒక ముసలమ్మ అంటే, “మీరు కిందే పడుకోండి మామ్మగారూ, నేను పైకి పోతాను” అని తన కింది బెర్తును వదలుకొనే కుర్రవాడిని ఏ చట్టమూ బలవంతపెట్టదు. నడవలో పోతూ ఇతరుల పాదాలకు తగలకుండా ఒదిగి నడవడం, ఫోనులో మాట్లాడడానికి తలుపు దగ్గరకు పోవడం, చంటిబిడ్డ ఏడిస్తే విసుగుకొనక ఆ తల్లికి కొంచెం చోటివ్వడం ఏ నిబంధనా నేర్పనివి. సగం టిక్కెట్టువారి సంగతి మరీ విచిత్రం. ఆర్.ఏ.సి. అనే విధానంలో ప్రక్క కింది బెర్తు ఒక్కటే ఇద్దరికి. ముఖపరిచయం లేని ఇద్దరు ఎదురెదురుగా కాళ్ళు ముడుచుకొని, “ముందు మీరు రెండు గంటలు పడుకోండి, తరువాత నేను” అని ఒప్పందం చేసుకొంటారు. ఏ పత్రమూ లేని ఆ ఒప్పందం అర్ధరాత్రి దాటినా నిలుస్తుంది.

ఆలోచిస్తే అపరిచితుల నడుమ కళ్ళు మూసుకోవడమే ఒక పెద్ద విశ్వాసం. ఇంటికి తాళం వేసి, కిటికీ గడియ పెట్టి పడుకొనే మనిషి, రైలులో డెబ్బైమంది తెలియనివారి మధ్య నోరు తెరచుకొని నిద్రపోతాడు. వారందరూ అలాగే అతని ముందు నిద్రపోతారు.

మేలుకొని ఉన్నవారు

పెట్టెలో దీపాలు ఆరినప్పుడు బండిలో కొందరు మేలుకొనే ఉంటారు. ఇంజనులో లోకోపైలట్, అతని సహాయకుడు ఎదురుగా వచ్చే ప్రతి సిగ్నల్ రంగునూ పైకి చెప్పుకొంటూ పోతారు. ఒకరు కునికితే రెండవవారికి తెలియాలనేదే ఆ పద్ధతి. ఇంజనులో మరొక పరికరం కూడ వారిని కనిపెట్టి ఉంటుంది. నిర్ణీత వ్యవధిలో పైలట్ ఏ మీటనూ కదపకపోతే అది హెచ్చరిస్తుంది. అప్పటికీ జవాబు లేకపోతే తానే బ్రేకులు వేస్తుంది. బండి చివర గార్డు కూర్చుంటాడు. 2022 నుండి ఆయన పేరు ట్రెయిన్ మేనేజరు. దారి పొడవునా చిన్న స్టేషన్లలో స్టేషనుమాస్టర్లు జెండా, దీపం పట్టుకొని నిలిచి బండిని సాగనంపుతారు.

వీరందరికంటె ఒంటరివాడు పట్టాల వెంట నడిచే గస్తీవాడు. వానాకాలంలో కట్టలు తెగే చోట, చలికాలంలో పట్టాలు ముడుచుకొని విరిగే భయమున్న చోట, రాత్రిపూట దీపంతో పట్టాలు చూసుకొంటూ మైళ్ళకొద్దీ నడుస్తాడు. ఈ మార్గంలో అడవులున్నాయి, కనుమలున్నాయి, పాములు, ఎలుగుబంట్లు ఉన్నాయి. ఒక్క నిమిషంపాటు కిటికీ ప్రక్కన మెరిసి మాయమైన దీపం అతనిదే. లోపల పడుకొన్నవాడికి ఆ వెలుగు కనబడలేదంటే, అతని పని సక్రమంగా జరిగినదని అర్థం. ప్రయాణీకుని గాఢనిద్రకు పునాది మరొకరి జాగరణ. ఆ జాగరణ చేసినవారు మరునాడు పగటివేళ రన్నింగు రూములలో, చిన్న క్వార్టర్లలో కిటికీలు మూసుకొని నిద్రను వెదుకుకొంటారు. వారి సుఖనిద్ర కూడ ప్రయాణీకుల క్షేమానికి సంబంధించినదే.

నేల మీది నిద్ర

బండి ముందువెనుకలనున్న జనరల్ పెట్టెలను చూడనిదే ఈ కథ పూర్తికాదు. రాయపూర్ దాటి, మహాసముంద్ దాటి, ఒడిశాలో ప్రవేశించిన తరువాత కాంటాబాంజీ అనే స్టేషను వస్తుంది. బలంగీర్, నువాపడా జిల్లాల పేదరైతులు నూఆఖాయి పండుగ వెళ్ళిన కొన్ని వారాలకు అక్కడినుండి ఆంధ్ర, తెలంగాణ ఇటుకబట్టీలకు కుటుంబాలతో సహా బయలుదేరుతారు. తలమీద గిన్నెల మూట, చంకలో బిడ్డ. జనరల్ పెట్టెలో వారికి దొరికేది నేల, లేక రెండు ఆసనాల మధ్య ఖాళీ. తల్లి కూర్చొనే ఉంటుంది. బిడ్డలు ఆమె ఒడిలో, కాళ్ళ మీద ఒకరిమీదొకరు పడుకొంటారు.

గాంధీజీ 1917లో వర్ణించిన పెట్టెకూ దీనికీ దూరం ఇంకా పూర్తిగా తరగలేదు. దండావతే వేసిన రెండంగుళాల పరుపు టిక్కెట్టు రిజర్వు చేసుకోగలిగినవారి దగ్గరే ఆగిపోయింది. నిద్ర సుఖమెరుగదన్న సామెతను ఈ తల్లులు ప్రతి యేటా నిజం చేస్తున్నారు. వారు సుఖం కోరక కాదు. అలసట వారికి ఆ అవకాశం ఇవ్వడం లేదు. రైళ్ళ వేగాన్ని గూర్చి, హంగులను గూర్చి ఎంత చెప్పుకొన్నా, ఒక దేశపు రైల్వే గొప్పతనాన్ని కొలవడానికి ఇంతకంటె సరియైన కొలబద్ద లేదు: రాత్రిపూట అందులో ఎంతమంది కాళ్ళు చాపుకోగలుగుతున్నారు?

తెల్లవారింది

రాయగడ దాటినాక నాగావళి లోయ వెంట బండి మలుపులు తిరుగుతూ దిగుతుంది. తెల్లవారుజాము గాలి కిటికీ సందుల్లోంచి చల్లగా తగులుతుంది. ఎప్పుడో ఒక కొండ ప్రక్క ఒడియా అక్షరాల బోర్డులు వెనుకబడి, పార్వతీపురంలో తెలుగు అక్షరాలు కనబడతాయి. ఛత్తీస్‌గఢ్‌లో కళ్ళు మూసినవాడు ఒడిశాను కలలో దాటి ఆంధ్రలో లేస్తాడు. వీణలకు పేరెన్నికగన్న బొబ్బిలిలో ఇడ్లీల కేక, విజయనగరంలో కాఫీ వాసన. నడిమి బెర్తులు మడిచివేస్తారు, దుప్పట్లు దులుపుతారు. రాత్రి బెర్తు మార్చుకొన్న మామ్మ సంచిలోంచి అరిసె తీసి ఆ కుర్రవాడి చేతిలో పెడుతుంది. “తిను నాయనా, నా కోసం రాత్రంతా పైనే ఉన్నావు” అంటుంది.

2024 సెప్టెంబరు నుండి దుర్గ్–విశాఖల మధ్య, రాయపూర్ మీదుగా, వందే భారత్ ఎక్స్‌ప్రెస్ పగటిపూట నడుస్తున్నది. ఎనిమిది గంటలలో గమ్యం. అందులో బెర్తులు లేవు, కుర్చీలే. పడుకోవలసిన పనీ లేదు. త్వరగా పోవలసినవారికి అది వరమే. రాత్రి బండికి మాత్రం జనం తగ్గలేదు. పగటి పని పోగొట్టుకోకుండా, రాత్రి పడుకొని పొద్దున్నే దిగాలనుకొనేవారే దేశంలో ఎక్కువమంది.

ఒకే టిక్కెట్టు కొన్న ఇద్దరిలో ఒకనికి నిద్ర పట్టడం, మరొకనికి పట్టకపోవడం ఎందువల్లనన్న ప్రశ్నకు ఆ అరిసెలో కొంత సమాధానం ఉంది. తన సుఖాన్ని మాత్రమే కాపాడుకోవాలని చూసేవాడు ప్రతి చప్పుడుకూ ఉలికిపడుతూ, తెల్లవార్లూ తన బెర్తుకు తానే కావలి కాస్తాడు. ప్రక్కవానికి కొంత చోటిచ్చినవాడు, ఇంజనులో ఎవరో మేలుకొని ఉన్నారన్న నమ్మకంతో, దుప్పటి ముసుగుతన్ని నిద్రపోతాడు. పరుపు మందం ఇద్దరికీ ఆ రెండంగుళాలే.